ఎదురెదురు గుమ్మాలు

ఇల్లు ఖాళీ చేయమని ఓనరు చెప్పి వెళ్ళిన రోజు మా ఆయన మొహంలో చిన్న సంతోషం కనిపించింది. నాకు ఒళ్ళు మండింది. "ఎప్పటినుంచో సొంతిల్లు అనుకుంటున్నాం కదా, ఇప్పుడైనా కదులుతాం" అన్నాడు. ఆయనకేం, పొద్దున డబ్బా పట్టుకుని పోయి దీపాలవేళకి వచ్చే మనిషి. ఆ ఇంట్లో బతికింది నేనూ మా అక్కా.

అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోడికోడలు. చామరాజపేటలో ఒకే కప్పు కింద రెండు పోర్షన్లు, ఒకదాంట్లో బావగారూ అక్కా, ఇంకోదాంట్లో మేము. వెనకాల ఇద్దరికీ కలిపి ఒకే కొళాయి, ఒకే బట్టల బండ. ప్రొద్దుటూరు నుంచి కొత్తకోడలిగా వచ్చినప్పుడు నాకు కన్నడం ఒక్క ముక్క రాదు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. కూరగాయల బండివాడిని నేను తెలుగులో తిడుతుంటే, అక్క పక్కన నిలబడి నవ్వుతూ కన్నడంలో బేరం చేసేది. వాడు నా తిట్లకి భయపడ్డాడో, ఆమె నవ్వుకి కరిగాడో గానీ కొత్తిమీర ఊరికే ఇచ్చిపోయేవాడు.

రెండు వంటిళ్ళ మధ్య గోడలో ఎప్పుడో ఎవరో రెండిటుకలు తీసేసిన సందు ఉండేది. గిన్నె పట్టేంత సందు. ఇరవై నాలుగేళ్ళు ఆ సందులోంచే చింతపండూ, ఉప్మా, ఏడుపులూ, అత్తగారి మీద ఫిర్యాదులూ అటూ ఇటూ వెళ్ళాయి. అక్క గార్మెంట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ఆరున్నరకల్లా బస్సెక్కాలి. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. సాయంత్రం ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే నేను మిషన్ ఆపి స్టవ్ మీద టీ పెట్టేదాన్ని.

అక్కకి ఒక అలవాటు ఉంది. మామిడికాయ పప్పు చేస్తే టెంక నా కంచంలో వేసేది. పాయసం చేస్తే అడుగున దిగిన జీడిపప్పంతా నా గిన్నెలోకే. అడిగితే "నాకి అది పడదు మే, నువ్వు తిను" అనేది. పడకపోవడమేంటి నా మొహం! ఒకసారి వాళ్ళ పుట్టింటికి పోతే వాళ్ళమ్మే చెప్పింది, చిన్నప్పుడు టెంక కోసం అన్నదమ్ముల్ని కొట్టేదట. అప్పటినుంచి నాకు అర్థమైపోయింది. అక్క 'నాకొద్దు' అందంటే కావాలని, 'నాకిది చాలు' అందంటే చాలదని. ఆమెని నేను చదివేశాననే గర్వం నాకు చాలా ఉండేది.

ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు మా ఆయనకి నేను ఒకటే చెప్పాను. "మార్బులు ఉండనీ, బండలుండనీ, పైకప్పు రేకులైనా సరే. అక్క పక్కన ఉండాలి. లేకపోతే నేను రాను." ఆయన బావగారి వైపు చూశాడు. బావగారు చెప్పుల వైపు చూసుకున్నారు. ఆ అన్నదమ్ములిద్దరూ విడివిడిగా ఉన్నా ఫోన్లో క్రికెట్ మాట్లాడుకుంటే సరిపోతుంది వాళ్ళకి.

ప్రతి ఆదివారం బావగారి కారులో నలుగురం బయలుదేరేవాళ్ళం. ముందు యలహంక వైపు విల్లాలు చూశాం. గేటు దగ్గర సెక్యూరిటీ నలుగురి ఫోటోలూ తీసుకున్నాడు, మేమేదో ఎత్తుకుపోతామన్నట్టు. లోపల పచ్చగడ్డి, తెల్లటి గోడలు, ఇంటికీ ఇంటికీ మధ్య కార్లు. బట్టలు ముందువైపు ఆరేయకూడదట, ముగ్గు రోడ్డు దాకా వేయకూడదట. "ఇదేమే, హాస్పిటల్ మాదిరి ఉండాది" అంది అక్క నా చెవిలో. పైగా అమ్ముడుపోకుండా మిగిలిన రెండు ఇళ్ళు ఆ కొసకొకటి, ఈ కొసకొకటి. ధర విన్నాక బావగారు నేరుగా కారు దగ్గరికి నడిచారు.

తర్వాత హూడిలో విడి ఇల్లు చూశాం. కిందొకటి, పైనొకటి, వాకిట్లో కరివేపాకు చెట్టు. నాకు ప్రాణం లేచొచ్చింది. మెట్లెక్కలేదని అక్కకి కింద, నాకు పైన అని అప్పుడే గదులు సర్దేసుకున్నాను కూడా. కానీ కాగితాలు తిరగేసిన లాయరు పెదవి విరిచాడు. ఈ ఊళ్ళో ఇల్లెంత అందంగా ఉన్నా ఖాతా, అంటే కార్పొరేషను వాళ్ళిచ్చే ఆస్తి కాగితం, సరిగా లేకపోతే బ్యాంకు వాడు మొహం చూడడు. కరివేపాకు రెండు రెమ్మలు తుంచుకుని వచ్చేశాం.

మూడో నెలలో బెళ్ళందూరులో ఆ అపార్టుమెంటు దొరికింది. అయిదో అంతస్తులో రెండు ఫ్లాట్లు, మధ్యలో లిఫ్టు ముందున్న జాగా, గుమ్మాలు సరిగ్గా ఎదురెదురు. నేను అడుగులు లెక్కపెట్టాను, ఏడు. అక్క అటు గుమ్మంలో, నేను ఇటు గుమ్మంలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడి చూశాం.

"ఏమ్మే, ఉప్పుందా?"

"ఉంది, గిన్నె తీసుకుని రా!"

ఫ్లాట్లు చూపించే అమ్మాయి మమ్మల్ని వింతగా చూసింది. అక్క కళ్ళనిండా నీళ్ళు. నాకూ అంతే, కాకపోతే నేను దుమ్ము పడిందన్నాను.

చిక్కల్లా ఒకటే. ఎదురెదురు గుమ్మాలు కాబట్టి ఒకదాని కిటికీలు తూర్పు చూస్తాయి, ఇంకోదానివి పడమర చూస్తాయి. తూర్పు అంటే మన వాళ్ళకి ఎంత మోజో చెప్పక్కర్లేదు. నాకైతే వాస్తు కంటే వెలుతురు మీద ఆశ. తూర్పు ఫ్లాటు హాల్లో కిటికీ పక్కన మిషన్ వేసుకుంటే పొద్దున్నే సూదిలో దారం ఒక్కసారికే ఎక్కుతుంది. నా కళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. ఆ కిటికీ చూడగానే నాకది కావాలనిపించింది. గట్టిగా కావాలనిపించింది.

అక్క నోరు తెరిచి, "నాకి పడమరది ఇయ్యండప్పా, నువ్వు తూర్పుది తీసుకో మే" అంది.

వెంటనే నాకు మామిడి టెంక గుర్తొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు నోటి ముందు కూడు నాకు పెట్టిన మనిషి, ఇప్పుడు జన్మలో ఒక్కసారి కొనే ఇల్లు కూడా మంచిది నాకే ఇస్తుందా? నేనంత చిన్నదాన్నా? "కుదరదు అక్కా. పెద్దదానివి, తూర్పు నీదే. నాకు పడమరే ఇష్టం" అన్నాను. పచ్చి అబద్ధం.

"లేదు మే, నిజంగా."

"నిజంగానే నాకూ."

ఇంటికి వస్తూ దారిలో మా ఆయన, "ఆమె అడుగుతూనే ఉంది కదా, ఇచ్చేస్తే పోలా" అన్నాడు. "ఆడవాళ్ళ మాటల్లో అర్థం మీకేం తెలుసు, ఊరుకోండి" అని కసిరాను. ఆయన ఊరుకున్నాడు. ఆరోజు ఊరుకోకుండా ఉంటే ఎంత బాగుండేదో!

రెండు వారాలు నువ్వంటే నువ్వని నడిచింది. గోడ సందులోంచి గిన్నెలకి బదులు దిక్కులు ఇచ్చిపుచ్చుకున్నాం. అక్క ఇంకోసారి అడిగింది, నేను ఇంకోసారి కాదన్నాను. ఫ్లాట్లమ్మాయి నాకు ఫోన్ చేస్తే "మా అక్కని అడుగమ్మా" అనేదాన్ని. అక్కకి చేస్తే "మా చెల్లెల్ని అడుగు" అనేదట. ఆ పిల్ల ఎంత తిట్టుకుందో! విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి చాలు చాలు అంటూనే ఇంకో గరిటె వేయించుకునే జాతి మనది. వడ్డించే వాడు మూడోసారి తిరిగి రాకపోతే ఏమవుతుందో మనకి తెలియదు.

రెండో వారం చివర ఆదివారం. పడమర నేను తీసుకుంటానని ఖాయంగా చెప్పేసి సంతకం పెడదామని అందరం వెళ్ళాం. ఆ అమ్మాయి తల దించుకుని, "పడమరది నిన్న సాయంత్రం బుక్ అయిపోయింది మేడమ్" అంది. ఎవరో కొత్త జంట వచ్చి, చూసి, ఇష్టపడి, అరగంటలో చెక్కు రాసిచ్చి వెళ్ళారట. మొహమాటానికి పోతే ఏమవుతుందని పెద్దలు మోటుగా చెప్పిన సామెత ఒకటుంది. అది మొత్తం ఇక్కడ రాయను, మీకు తెలుసు.

తూర్పుది ఖాళీగానే ఉంది, తీసుకుందామన్నాడు మా ఆయన. ఎదురుగా అక్క లేని తూర్పు నాకెందుకు? అక్కడే ఆ ఆఫీసులోనే గొంతెత్తి అరిచాను, సిగ్గులేకుండా ఏడ్చాను. అక్క నా చెయ్యి పట్టుకుని, "పోనీ మే, పోనీ" అంటూ ఉంది.

ఆ తర్వాత వెతకడానికి టైమూ లేదు, ఓపికా లేదు. ఓనరు అప్పటికే వెనకవైపు గోడ కొట్టించడం మొదలుపెట్టాడు. అక్క కొడుకు పని హెబ్బాళ వైపు కాబట్టి వాళ్ళు యలహంక పాత ఊళ్ళో చిన్న విడి ఇల్లు తీసుకున్నారు. మా అమ్మాయి ఆఫీసుకి దగ్గరని మేము హూడిలో మూడో అంతస్తు ఫ్లాటు తీసుకున్నాం. ఒకే రోజు రెండు లారీలు వచ్చాయి. సామాన్లు ఎవరివి ఎవరివో తేల్చడానికే సగం రోజు పట్టింది. నా రుబ్బురోలు ఆమె లారీలో, ఆమె ఇడ్లీ పాత్ర నా లారీలో వెళ్ళిపోయాయి. ఇప్పటికీ మార్చుకోలేదు. నేనే అడగలేదు.

ఫ్లాటు బాగానే ఉంది. లిఫ్టుంది, నీళ్ళున్నాయి, జనరేటరుంది. తలుపులు మాత్రం ఎప్పుడూ మూసే ఉంటాయి. ఎదురింటివాళ్ళు ఏం తెప్పించుకుంటారో గుమ్మం ముందు పెట్టెల్ని బట్టి తెలుస్తుంది గానీ వాళ్ళ మొహాలు సరిగా తెలియవు. సాయంత్రం అయిదున్నరకి నేనింకా రెండు గ్లాసుల టీ పెడుతున్నాను. రెండోది మా ఆయన వచ్చాక వేడిచేసి ఇస్తాను. అక్కకి ఫోన్ చేస్తాను. తిన్నావా, తిన్నాను, మోకాలెట్లుంది, ఉండాది అట్లే. ఫోన్లో మాటలు తొందరగా అయిపోతాయి. గిన్నె కడుగుతూ, బియ్యం ఏరుతూ, ఒకరి వైపు ఒకరం చూడకుండానే గంటలు గంటలు మాట్లాడుకున్న మాటలు ఫోన్లోకి రావు. నాకామె కావాలి. ఇంతకంటే నాజూగ్గా చెప్పడం నాకు రాదు.

హూడి నుంచి యలహంక చూడ్డానికి ఒకే ఊరు. ట్రాఫిక్కులో పోయి రావడానికి ఒక రోజు. మొన్న వేసవిలో అక్క వచ్చింది. ఫ్యాక్టరీ మానేసిందిప్పుడు. భోజనాలయ్యాక నా బాల్కనీలో కుర్చీ వేసుకుంది. మా బాల్కనీ పడమర వైపు. నాలుగున్నరకి ఎండ లోపలికి వస్తుంటే నేను కర్టెన్ లాగబోయాను.

"ఉండనీ మే" అని కుర్చీ ఇంకొంచెం ఎండలోకి జరుపుకుని కాళ్ళు చాపుకుంది.

ఆరోజెందుకో నాకు దాచుకోవాలనిపించలేదు. "అక్కా, బెళ్ళందూరులో నాకు తూర్పుదే కావాల్సింది. మొహమాటపడి చెప్పలేదు" అన్నాను.

"అది నాకి తెలుసు. మిషన్ యాడ ఏసుకోవల్లని ఆ కిటికీనే చూస్తాంటివి."

"మరి నువ్వు కూడా ఎందుకు మర్యాదలకి పోయావు?"

అక్క నా వైపు తిరిగింది. "మర్యాద ఏంది? ఆరున్నరకి బస్సెక్కేదాన్ని, తూర్పెండ నాకేం పనికొస్తాది? దినమంతా ట్యూబ్‌లైట్ల కింద నిలబడి వస్తే, సాయంత్రం ఇట్ల రవంత ఎండలో కూచోవల్లని ఉండేది. నాకి పడమరే కావల్లని రెండుసార్లు అడిగితిని. నువ్వు నమ్మలేదు."

ఇరవై నాలుగేళ్ళలో తన కోసం ఆమె అడిగింది అదొక్కటే. అదీ నేను వినలేదు. అక్క మాత్రం ఎండలో కళ్ళు మూసుకుని కూర్చుంది, తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆరవుతుంటే లేచి బ్యాగు తీసుకుంది. "ఇవాళ్టికి ఉండిపో అక్కా" అన్నాను.

"వద్దు మే, పోతా."

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "నిజంగా వద్దా, నాకోసం అంటున్నావా? నాకు అర్థం చేసుకోవడం రాదు. నువ్వే చెప్పు."

అక్క బ్యాగు ఇంకో భుజానికి మార్చుకుంది. "ఉండల్లనే ఉండాది" అంది. "కానీ మీ బావకి ఇన్సులిన్ నేనే ఏయల్ల. పోవల్ల."

రెండు మాటలూ నమ్మాను. కిందికి దిగి ఆటో ఎక్కించి వచ్చాను.