కొత్త పిస్టను నాగూర్ వలి

సత్తెనపల్లి నాగూర్ వలికి ఒక రేసు మోటారుసైకిలు ఉండేది. దాని మీద అతను ఏనాడూ ఎవర్నీ దాటి ముందుకు పోలేదు. లారీల సంగతి సరే, సైకిళ్ళను కూడా దాటలేదు. సైకిలు పంచరై నడిపించుకుంటూ పోయే మనిషినీ దాటలేదు. ఒకసారి గొర్రెల మంద వెనక పడి ఊరు దాకా వచ్చాడు. కాపరికే జాలేసి, మందను పక్కకు తోలి, "పోవయ్యా సాయిబూ" అని చెయ్యి ఊపాడు.

"తొందరేం లేదు, నువ్వు పోనీ. కొత్త పిస్టను" అన్నాడు నాగూర్ వలి.

ఆ మాట అతనికి ఊతపదం. ఇంజను విప్పి కొత్త పిస్టను వేస్తే అది సిలిండరుకు అలవాటు పడేదాకా బండిని నెమ్మదిగా నడపాలన్నది నిజమే. ఎవరైనా కొన్ని వారాలు ఓపిక పడతారు. నాలుగేళ్ళ పాటు కొత్తగానే ఉండిపోయిన పిస్టను మాత్రం అతనిదొక్కటే. "కొత్త కోడలిక్కూడా ఎవరూ ఇంత గడువివ్వరు" అనేది అతని భార్య మస్తాన్‌బీ.

ఆ బండి అసలు ఆమె పుట్టింటిది. ఆమె తండ్రి బుడే సాహెబ్ పత్తి ఏకేవాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన సామానులో ఈ మోటారుసైకిలు కొన్నాడు. పెట్రోలులోనే నూనె కలిపి పోయాల్సిన రెండు స్ట్రోకుల బండి. గడ్డం నిండా దూది పింజలతో దాని మీద పోతుంటే జనం పనులాపి చూసేవాళ్ళు. ఒకసారి మద్రాసు వెళ్ళి మోటారుసైకిళ్ళ పందెం చూసి వచ్చాడు. అప్పట్నుంచీ ఆయనకు మరో ధ్యాస లేదు. కాలం దగ్గరపడినప్పుడు అల్లుడి చెయ్యి పట్టుకుంటే, కూతుర్ని జాగ్రత్తగా చూసుకోమంటాడు కాబోలని అందరూ ఒంగి విన్నారు.

"ఒక్కసారి, రేసు ట్రాకు మీద, ముందెవరూ లేకుండా, దాన్ని గొంతెత్తి అరవనివ్వు నాయనా" అన్నాడు బుడే సాహెబ్.

"నా గురించి ఒక్క ముక్క అనలేదు" అని మస్తాన్‌బీ చాలాకాలం ఉడుక్కుంది. కానీ ఆ మాట ఎలాగైనా నెరవేర్చాలని పట్టుబట్టింది కూడా ఆమే. తండ్రి నుంచి ఆమెకు మిగిలింది ఆ బండీ, ఆ మాటే.

నాగూర్ వలికి బస్టాండు దగ్గర అద్దె సైకిళ్ళ కొట్టు ఉండేది. సాయంత్రం కొట్టు మూసి, పిస్టను అలవాటు కావాలని బండి తీసుకుని పోతే ఏ రాత్రికో ఇల్లు చేరేవాడు. ఏటా పత్తి తీతలు మొదలయ్యే ముందు మోటారుసైకిలును రేసుకు తయారు చేస్తానని ఇంజనంతా విప్పి ఇంట్లోకి మోసుకొచ్చేవాడు. కారం డబ్బా పక్కన కార్బురేటరు, చింతపండు జాడీ మీద మాగ్నెటో. పెట్రోలూ గాలీ సిలిండరులోకి పోయే దారుల్ని ఆకురాయితో అద్దంలా నునుపు చేశాడు. సైలెన్సరు పొట్టిగా కోశాడు. హ్యాండిలు కిందికి వంచాడు. పందేల్లో ఇదే వాడతారట అని పెట్రోలులో ఆముదం కలిపాడు. బండి వీధిలోకి వస్తే చాలు, తమకు ఆముదం తాగించే రోజు వచ్చిందేమోనని పిల్లలు పారిపోయేవాళ్ళు.

బరువు తగ్గించాలని బ్రేకు పెడలుకు చిల్లులు పెట్టాడు. చైను మూతకు చిల్లులు పెట్టాడు.

"ఇంక చాల్లే" అంది మస్తాన్‌బీ. "రేపు నా అట్లకాడ మీద పడతావు."

అంత చేసినవాడు ఒక్క వస్తువు జోలికి పోలేదు. వెనక కారియరుకు బిగించిన ఎర్ర దీపం. అది మామగారి నాటిది కూడా కాదు. ఎక్కడో పాత లారీది సంపాదించి తనే బిగించాడు. ఇత్తడి చెంబంత ఉండేది, అంత బరువూ ఉండేది.

"రేసు బండికి వెనక దీపం ఎందుకయ్యా?"

"వెనకొచ్చేవాళ్ళకి కనపడొద్దా?"

"నీ వెనక ఎవరుంటారు? అందరి వెనకా నువ్వే ఉంటావుగా!"

నాగూర్ వలి నవ్వి దీపం అద్దం తుడుచుకున్నాడు.

గుంటూరులో మస్తాన్‌బీ పెదనాన్న కూతురు చాంద్‌బీ ఇంట పెళ్ళికి ఇద్దరూ ఈ బండి మీదే వెళ్ళారు. సాయంత్రం బయల్దేరారు. మేడికొండూరు దాటేసరికి పొద్దుగూకింది, ముందు పత్తిబళ్ళు వరసగా పోతున్నాయి. పొంగిపోయిన పత్తితో రోడ్డంతా ఆక్రమించుకుని పోతున్నాయి. మిరపకాయల బండికైతే కింద లాంతరు వేలాడుతుంది. పత్తిబండికి కట్టరు, ఒక్క నిప్పురవ్వ చాలు. పత్తి ఏకే ఇంట్లో పుట్టిన మస్తాన్‌బీకి అది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. నాగూర్ వలి ఆఖరి బండి వెనక చేరాడు. ఇక కదలడు.

"రోడ్డు పక్కన మట్టిలో చోటుంది కదా, దాటి పోరాదూ?"

"కొత్త పిస్టను."

"మరి ఇంత నెమ్మదిగా పోతూ ఇంజనును అంత గట్టిగా ఎందుకు అరిపిస్తున్నావు?"

"గొంతు సవరించుకుంటోంది."

వాళ్ళు చేరేసరికి పెళ్ళివారు బిర్యానీ డేగిసాలు కడుగుతున్నారు. చాంద్‌బీ నోరు వెళ్ళబెట్టి, "మోటారుసైకిలు చెడిపోయి నడిచి వచ్చారా?" అని అడిగింది.

"నడిచి వస్తే భోజనాలకి అందేవాళ్ళం అక్కా" అంది మస్తాన్‌బీ.

అరవై ఒకటో సంవత్సరంలో, ఇంకా జనం నయాపైసలిచ్చి అణాల్లో లెక్క చెప్పుకుంటున్న రోజుల్లో, ఆ కబురు వచ్చింది. చీరాల అవతల, యుద్ధకాలంలో విమానాల కోసం పరిచిన సిమెంటు మైదానంలో మోటారుసైకిళ్ళ పందెం. పీపాలు వరసగా పెట్టి గుండ్రంగా ట్రాకు వేస్తారట. వచ్చే ఏడాది అక్కడ గోడౌన్లు కడతారట. అంటే మొదటి పందెమూ అదే, ఆఖరుదీ అదే.

"ఈసారి తప్పిందంటే మా నాయన మాట ఇంక తీరదు" అంది మస్తాన్‌బీ.

"పిస్టను ఇంకా..."

"ఆ పిస్టను పేరెత్తావంటే దాన్ని రోట్లో వేసి దంచుతాను."

చీరాల చేరాక హెడ్‌లైటు, హారను, స్టాండు అన్నీ విప్పి సంచీలో వేశాడు. బళ్ళను పరీక్షించే పెద్దమనిషి చుట్టూ తిరిగి చూసి ఎర్ర దీపం దగ్గర ఆగాడు. "ఇది తీసెయ్యండి" అన్నాడు. నాగూర్ వలి కారియరుతో కలిపి మరలు బిగిసిపోయాయన్నాడు, తీస్తే చక్రం ఊడుతుందన్నాడు, చివరికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పెద్దమనిషికి ఎండకి ఒళ్ళు మండిపోతోంది. "సరే, ఏడవండి" అని వదిలేశాడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళలో తోమా కనిపించేసరికి మస్తాన్‌బీకి ఆశ్చర్యమేసింది. తోమా సత్తెనపల్లి పత్తిబళ్ళు తోలేవాళ్ళకి పెద్ద. తనవాళ్ళని నలుగురిని వెంటబెట్టుకుని, ఉతికిన చొక్కాలతో, రైలెక్కి మరీ వచ్చాడు. బళ్ళ వాళ్ళకి మోటారుసైకిళ్ళతో ఏం పనో ఆమెకి అర్థం కాలేదు.

జెండా ఊపారు. అందరూ దూకారు. నాగూర్ వలి, అలవాటు చొప్పున, అందర్నీ పోనిచ్చి ఆఖరున బయల్దేరాడు. మస్తాన్‌బీ తల పట్టుకుంది.

అప్పుడు, మొదటి మలుపులో, అతను ఒకణ్ణి దాటాడు.

ఆమె కళ్ళు నులుముకుంది. రెండో చుట్టులో ఇద్దర్ని దాటాడు. ఆముదం వాసన మైదానమంతా కమ్మేసింది. హ్యాండిలు మీద పడుకుని, పీపాలకు జానెడు దూరంలో మలుపు తిప్పుతున్నాడు. ఇన్నాళ్ళూ గొర్రెల వెనక పోయిన మనిషేనా ఇతను? ఎప్పుడు నేర్చుకున్నాడు? ఆమె చెంగు బిగించుకుని, పక్కనున్నవాళ్ళని తోసుకుంటూ "పోనీ! పోనీ!" అని అరిచింది. ఆఖరి చుట్టుకి అతని ముందు మిగిలింది ఒక్కడే, గుంటూరు కుర్రాడు.

దూరంగా ఉన్న మలుపులో, సరిగ్గా దుమ్ము దట్టంగా లేచినచోట, ఆ కుర్రాడి చైను తెగింది. బండి ట్రాకు మధ్యలో ఊగుతూ పాకుతోంది. ఇంక పందెం నాగూర్ వలిదే. పక్కనుంచి పోతే చాలు, ముందెవరూ ఉండరు, బుడే సాహెబ్ కోరుకున్నట్టే.

నాగూర్ వలి బ్రేకు వేశాడు. వెళ్ళి ఆ కుర్రాడి వెనక చేరాడు. నెమ్మదిగా, ఇంజనును గట్టిగా అరిపిస్తూ, ఒక చెయ్యి పైకెత్తి. దుమ్ములో ఎర్రగా దీపం వెలిగింది. వెనక దూసుకొస్తున్నవాళ్ళు ఆ ఎరుపు చూసి అటూ ఇటూ తప్పుకుని వెళ్ళిపోయారు. ఇద్దరూ క్షేమంగా పక్కకు చేరేసరికి పందెం అయిపోయింది. జనం పడీపడీ నవ్వారు.

మస్తాన్‌బీకి ఏడుపొచ్చింది. "చూశావా తోమా అన్నా! చేతికొచ్చింది వదిలేశాడు. ఈ మనిషికి దాటడం చేతకాదు!"

తోమా నవ్వలేదు. "అచ్చం మా బళ్ళ వెనక ఉన్నట్టే ఉన్నాడు చెల్లెమ్మా" అన్నాడు.

"ఏంటీ?"

"నీకు తెలవదా? నాలుగేళ్ళ కిందట మేడికొండూరు కాడ లారీ వచ్చి మా ఆఖరి బండిని గుద్దింది. ఎద్దు పోయింది, మనిషి ఎట్టానో బతికాడు. పత్తిబండికి లాంతరు కట్టుకోలేముగా. మర్నాటి నుంచీ పొద్దుగూకితే ఈయన మా వెనక ఉంటన్నాడు, పేరేచర్ల దాకా. తిరిగి పోయేటప్పుడు ఖాళీ రోడ్డు మీద చూడాలి ఆ వేగం. ఆ దీపం ఇంజను అరిస్తేనే వెలుగుద్దంట. ఆ మోతకి మా ఎద్దులు ఎంత అలవాటు పడినయ్యంటే, అది వినపడకపోతే కదలవు."

"మరి పగలు గొర్రెల వెనకెందుకు పోతాడు?"

"పగలు అందర్నీ దాటిపోయి, పొద్దుగూకాక మా వెనకే ఉంటే నీకు అనుమానం రాదా? లారీ ఈసారి తనని గుద్దుద్దని నువ్వు బండి ఎక్కనిస్తావా? మేం ఏందయ్యా అంటే కొత్త పిస్టను అన్నాడు. మంచి పని చేస్తా సిగ్గుపడేవాణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకని మేమూ పిస్టను ఎట్టా ఉందనే అడుగుతా ఉంటాం."

మస్తాన్‌బీకి ముందు గర్వం రాలేదు, భయం వచ్చింది. పీపాల మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్ళింది. జనం వెళ్ళిపోతున్నారు. నాగూర్ వలి గట్టు మీద కూర్చుని ప్లగ్గు తుడుస్తున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"పిస్టను కొత్తది కదా, అందుకని..."

"తోమా అన్న చెప్పాడు."

నాగూర్ వలి ప్లగ్గు వంక చూశాడు.

"లారీ నిన్ను గుద్దితే నా గతేంటి?"

"గుద్దలేదుగా. దీపం పెద్దది."

ఆమె తిట్టడానికి చాలా మాటలు పోగుచేసుకుంది. అతని ముఖాన ఆముదం మసి, మసిలో రెండు కళ్ళు చూసేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. కారియరు మీద ఎక్కి కూర్చుంది.

"ఇటు చూడు. ట్రాకు మీద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మా నాయన అడిగింది అదే కదా. గెలవమని ఆయన అనలేదు. పోనీ."

నాగూర్ వలి ప్లగ్గు బిగించి, బండెక్కి పోనిచ్చాడు. పీపాలు గిర్రున వెనక్కి పోయాయి. ఇంజను గొంతెత్తి అరిచింది, బుడే సాహెబ్ చెవిన పడేంత గట్టిగా. మస్తాన్‌బీ చెంగు నోట్లో కుక్కుకుని, అతని నడుం పట్టుకుని, మూడు చుట్లు తిరిగినంతసేపూ నవ్వుతూనే ఉంది. గట్టు మీద తోమా మనుషులు తలగుడ్డలు తీసి గాల్లోకి ఎగరేశారు.

"కొత్త పిస్టను పాడవదూ?" అని ఆమె అతని చెవిలో అరిచింది.

"కొత్తదెక్కడిది? నాలుగేళ్ళుగా అదే! ఏటా నీ అంట్లు తోమే బూడిదతో తోముతున్నాను!"

అన్నీ మళ్ళీ బిగించుకుని ఇంటికి బయల్దేరారు. పరుచూరు దాటేసరికి పొద్దుగూకింది. గుంటూరు మిల్లుకు పోయే పత్తిబండి ఒకటి ముందు, దీపం లేకుండా, రోడ్డంతా ఆక్రమించుకుని పోతోంది. నాగూర్ వలి వేగం తగ్గించి, బెరుగ్గా వెనక్కి తిరిగి భార్య ముఖం చూశాడు.

"ఎవరయ్యా అదీ? దాటి పోండి!" అని అరిచాడు ముందున్న బండివాడు.

"నువ్వు పోనీ అన్నా, మేం వెనకే వస్తాం!" అంది మస్తాన్‌బీ. "మాది కొత్త పిస్టను!"