సాల్మన్ అన్న జెర్సీలు తగిలించే పద్ధతి

మా అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. టీషర్టు చేతులకు కూడా మడత గీత పడేలా ఇస్త్రీ చేస్తాడు. వేసుకుంటే భుజాలకు అట్టముక్కలు కట్టుకున్నట్టు ఉంటుంది. రెండుసార్లు చెప్పి చూశాను. రెండుసార్లూ ఆయన ఇంకాస్త గట్టిగా రుద్దాడు. మొన్న ఆదివారం మెట్లు దిగుతుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఎవరి టీషర్టు మీది బొమ్మో ఇస్త్రీపెట్టె అడుగుకు అంటుకుపోతే, ఆయన చాకుతో గీకుతున్నాడు. కోప్పడటానికి అది మంచి అవకాశమే. కానీ నేను గోడకు ఆనుకొని నిలబడిపోయాను. ఆ వాసన నాకు బాగా తెలుసు. అది ఎక్కడ తగిలినా, మెడలో తువ్వాలుతో, నోట్లో రెండు పిన్నీసులతో సాల్మన్ అన్న గుర్తుకొస్తాడు.

సాల్మన్ అన్నది దబీర్‌పురా. రైల్వేలో ఉద్యోగం చేసి, రైల్వే జట్టుకే లెఫ్ట్ బ్యాక్‌గా ఆడి, రిటైరయ్యాక మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో కిట్ మేనేజరుగా చేరాడు. దేశంలోకెల్లా పెద్ద లీగులో ఆడే క్లబ్బు అది. జెర్సీల దగ్గర నుంచి తువ్వాళ్ల దాకా ఆటగాళ్ల ఒంటికి తగిలే ప్రతి గుడ్డా ఆయన బాధ్యత. మిజోరం వాడూ గోవా వాడూ అందరూ ఆయన్ని ‘అన్నా’ అనే పిలిచేవారు. స్పెయిన్ నుంచి వచ్చిన మా కోచ్ అది ఆయన అసలు పేరే అనుకొని, సగం సీజన్ దాకా మెయిళ్లలో ‘మిస్టర్ అన్నా’ అని రాశాడు. ఎవరూ సరిదిద్దలేదు. ఆ సీజన్లో సరిదిద్దవలసినవి వేరే చాలా ఉన్నాయి.

మాది పాతబస్తీలో మూడు తరాల బట్టల దుకాణం. నేను ఎంబీఏ చేసి, గద్దె మీద కూర్చోనని బాపుతో లొల్లి పెట్టుకొని, క్లబ్బులో ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. ఆ ఉద్యోగాన్ని తెలుగులో చెప్పాలంటే, బ్యాగులు మోయడం. మొదటి రోజు అన్న నన్ను తల నుంచి బూట్ల దాకా చూశాడు.

“ఏం చదివినవ్?”

“ఎంబీఏ అన్నా.”

“మంచిది. గీ సాక్సులల్ల ఎడమకాలిది ఏది, కుడికాలిది ఏది?”

“రెండూ ఒకటే కదన్నా?”

“ఇంకా చదవాలె నువ్వు,” అని రెండింటి మడమల దగ్గరున్న అక్షరాలు చూపించాడు.

మ్యాచ్‌కు రెండు గంటల ముందు డ్రెస్సింగ్ రూములో ఆయన ఒక్కడే ఉండేవాడు. నన్ను తలుపు దగ్గర నిలబెట్టేవాడు. ఒక్కో జెర్సీ తీసి, ఆటగాడి పేరు మెల్లగా పలికి, వీపు మీది నంబరు గదిలోకి కనిపించేలా కొక్కేనికి తగిలించేవాడు. ముడతలుంటే తడి తువ్వాలుతో అద్ది, అరచేత్తో సవరించేవాడు. ఇంత తతంగం దేనికని ఒకసారి అడిగాను. “లోపటికి రాంగనే వాడు వాని నంబర్ జూడాలె. మనల్ని జూడొద్దు,” అన్నాడు. “మనల్ని ఎవడన్న జూసిండంటే మన పనిల ఏదో తప్పయిందన్నట్టు.” మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఆయన బయటికి వచ్చేవాడు కాదు. లోపల కూర్చొని తువ్వాళ్లు మడతపెడుతూ, స్టేడియం అరుపును బట్టి స్కోరు చెప్పేవాడు. ఆ సీజన్లో అదేమంత కష్టమైన విద్య కాదు. నిశ్శబ్దంగా ఉందంటే అవతలివాళ్లు గోల్ కొట్టినట్టు. చాలాసార్లు నిశ్శబ్దంగానే ఉండేది. లీగు మొదలైన మూడు నెలల వరకు మేము ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. నిలకడ విషయంలో మమ్మల్ని వేలెత్తి చూపే వీలు లేదు.

సీజన్ మధ్యలో స్పాన్సరు మారాడు. పాత జెర్సీలన్నీ వెనక్కి వెళ్లాయి. కొత్తవి కొరియరులో ఒక్క సెట్టే వచ్చింది, ఇరవై జెర్సీలు. వాటి మీద అంటించే నంబర్లు కూడా లెక్కగా ఒక్క సెట్టే. మ్యాచ్ రోజు పొద్దున ఖాదర్ భాయ్ తన హీట్ మెషీన్ మీద వాటిని అంటించాడు. దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో ఆయనది ఒక గది కుట్టు కారఖానా. నేను జెర్సీలు తెచ్చి మా దుకాణం దగ్గర ఉంచాలి, మధ్యాహ్నం అన్న వ్యాన్‌తో వస్తాడు. “బ్యాగులల్ల పెట్టు. ఇంకేం జెయ్యకు,” అని రెండుసార్లు చెప్పాడు.

జెర్సీలు కొరియరు మడతలతోనే ఉన్నాయి. సాయంత్రం స్పాన్సరు మనుషులు వస్తున్నారు. ముడతబడ్డ బట్ట గడప దాటితే దుకాణం ఇజ్జత్ పోతుందని వింటూ పెరిగినవాడిని. మా ఇంట్లో దిండు గలీబులకు కూడా ఇస్త్రీ తప్పదు. దుకాణం మేడ మీదికి వెళ్లి, నంబర్ల మీద పలచటి గుడ్డ వేసి మరీ, ఇరవై జెర్సీలూ నీటుగా ఇస్త్రీ చేశాను. మా తాత కాలం నుంచి వస్తున్న పద్ధతిలో వేడి వేడిగా ఒకదాని మీద ఒకటి థాన్‌లా పేర్చాను. పైన బరువుకు రెండు చీరల మూటలు పెట్టాను. చాయ్ తాగి వచ్చి మూటలు తీస్తే, జెర్సీలు ఇరవై కావు, ఒకటి. విడదీయబోతే పదో నంబరులోని సున్నా ఏడో నంబరు వాడి పొట్ట మీదికి వచ్చింది. వాసన గురించి ఇందాకే చెప్పాను.

సరిగ్గా అప్పుడే మా మేనేజరు ప్రకాశ్ గారు ఫోన్ చేశారు. అంతా సిద్ధమేనా అని అడిగారు. “లేదు సార్. నంబర్లు ఊడిపోతున్నాయి. ఖాదర్ మెషీన్లో ఏదో లోపం,” అన్నాను. ఆ మాట నేను ఆలోచించి అనలేదు. ఆలోచించకుండానే అంత చక్కటి అబద్ధం వచ్చినందుకు తర్వాత నాకే ఆశ్చర్యం వేసింది. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే మెట్ల మీద సాల్మన్ అన్న. జెర్సీల కుప్పను చూశాడు, ఇస్త్రీపెట్టెను చూశాడు, నా చేతిలో ఫోనును చూశాడు.

“బట్టల దుకాణంల పుట్టినవ్. బట్ట తెల్వది నీకు,” అన్నాడు. “పా, ఖాదర్ కాడికి.”

ఖాదర్ భాయ్ జెర్సీలను చూసి తల పట్టుకున్నాడు. “యే క్యా హువా అన్నా? పొద్దుగాల మంచిగ అంటిచ్చిన గదా!” నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. “మెషీన్ గరం ఎక్కువైందేమో. నా తప్పే అయ్యుంటది,” అని తనే గొణుక్కున్నాడు.

“ముందుగాల పని గానియ్యి,” అన్నాడు అన్న. “గుడ్డతోని కుట్టాలె. తెల్లది ఏమన్న ఉందా?”

పెళ్లి బ్యాండు వాళ్ల కోట్ల కోసం తెచ్చిన తెల్ల సాటిన్ ఉంది. అన్న అంకెలు గీసి కత్తిరించాడు, ఖాదర్ భాయ్ పాత మచ్చల మీద పెట్టి కుట్టాడు. జెర్సీ బట్ట పలచన, సూది పడితే ముడుచుకుపోతుంది. అందుకని కింద న్యూస్‌పేపరు పెట్టి కుట్టి, తర్వాత ఆ కాగితం చింపేయాలి. చింపే పని నాది.

మూడో జెర్సీ కుట్టుమెషీన్ మీద ఉండగా నా ఫోన్ మోగింది. నా చేతుల నిండా కాగితాలు. అన్న తీసి స్పీకరు పెట్టాడు. ప్రకాశ్ గారు గడగడా చెప్పేశారు: “ఆ ఖాదర్‌కు ఇవాళే చెప్పేయండి, ఇక మన క్లబ్ పని లేదని. స్పాన్సర్‌కు కూడా అదే చెప్పాను.” ఫోన్ ఆగింది. మెషీన్ కూడా ఆగింది.

“విన్నవ్ గదా,” అన్నాడు అన్న, కత్తెర ఆపకుండానే. “చెప్పు వానికి.”

“ఎవరికన్నా?”

“ఖాదర్‌కు. సార్ చెప్పమన్నడు గదా. మొఖం జూసి చెప్పు.”

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఖాదర్ భాయ్ నా వైపు చూసి, తల వంచుకొని మెషీన్ నడిపించాడు. నేను కొంత సమయం తీసుకున్నాను. తర్వాత ప్రకాశ్ గారికి ఫోన్ చేసి, ఖాదర్ భాయ్ వింటుండగానే, ఇస్త్రీ చేసింది నేనని, ఆయన తప్పేమీ లేదని చెప్పాను.

“సార్ ఏమన్నడు?” అని అడిగాడు అన్న.

“ఖాదర్ భాయ్ పని ఉంటుందట. నా సంగతి మ్యాచ్ అయ్యాక చూస్తారట.”

“ఓడితే నిన్ను పీకేస్తడు. డ్రా అయితే మర్సిపోతడు. గెలుసుడు ఎట్లాగూ లేదు. ఫికర్ చెయ్యకు, బ్యాగులు ఎత్తు.”

ఆ సాయంత్రం అన్న నన్ను తలుపు దగ్గర నిలబెట్టలేదు. సగం జెర్సీలు నా చేతికిచ్చి, పేర్లు పలికి తగిలించమన్నాడు. మ్యాచ్ అయ్యేదాకా ఆయన పక్కనే కూర్చొని తువ్వాళ్లు మడతపెట్టాను. మొదట నిశ్శబ్దం. చివర్లో ఒక అరుపు. డ్రా. గోల్‌కీపర్ లోపలికొచ్చి, వీపు మీద ఏదో గీరుకుపోతోందని గోల పెట్టాడు. తీసి చూస్తే పెళ్లి ప్రకటనల పేపరు ముక్క. ప్రకాశ్ గారు నిజంగానే నా సంగతి మర్చిపోయారు.

మోకాళ్లు మొరాయించి అన్న ఆ సీజన్‌తోనే మానేశాడు. పోయిన వానాకాలం కన్నుమూశాడు. నేనిప్పుడు అదే క్లబ్బులో ప్రకాశ్ గారి కుర్చీలో ఉన్నాను. ఎవరి మీదికైనా తప్పు తోసేయాలని నాలుక దురద పెట్టినప్పుడు, ముందు వెళ్లి ఆ మనిషి ఎదురుగా కూర్చుంటాను. చెప్పదలచుకున్న వాక్యాల్లో సగం అక్కడే చచ్చిపోతాయి. మిగిలిన సగం చాలావరకు నిజాలే ఉంటాయి. నా చదువులో పనికొచ్చిన భాగం ఇదొక్కటే అనుకుంటాను. కాలేజీలో మాత్రం చెప్పలేదు.

మా జెర్సీలకు ఇప్పటికీ ఖాదర్ భాయే నంబర్లు అంటిస్తాడు. పోయిన వారం కారఖానాకు వెళ్లి, అన్న గురించి రాసిందంతా ఆయనకు చదివి వినిపించాను. మెషీన్ ఆపకుండానే విన్నాడు. చదవడం అయ్యాక కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపాడు.

“అన్న గురించి మంచిగ రాసినవ్ భాయ్. గానీ ఆ దినం ఇరవయ్యో జెర్సీకి దారం తెంపేదాక నువ్వు నోరు తెర్వలే.”