పిరికి భద్రయ్య గారూ, నా టర్బో కారూ

హనుమాన్ జంక్షన్ దాటి నూజివీడు రోడ్డెక్కాక, ముందు ఇటుకల లారీ ఒకటి నత్తనడక నడుస్తుంటే దాన్ని దాటేద్దామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. కారు ముందుకు దూకలేదు. ఎక్కిళ్ళు పట్టిన మనిషిలా కుదుపు మీద కుదుపు ఇచ్చి, లారీ సగందాకా వెళ్ళి నీరసించిపోయింది. ఎదురుగా బస్సు వస్తోంది. పక్క సీట్లో మా అమ్మాయి సింధు, ఒళ్ళో కాలేజీ బ్యాగు, కళ్ళు ఫోనులో. బ్రేకు వేసి మళ్ళీ లారీ వెనక్కి ఎలా చేరానో నాకు తెలియదు. బస్సు హారను మోగించుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. రోడ్డు వారగా ఆపి అద్దం దించితే గుప్పున మామిడి పూత వాసన వచ్చింది. ఆ వాసనకి మా వైపు అందరికీ కాపు గుర్తొస్తుంది, మార్కెట్టు గుర్తొస్తుంది. నాకు భయం గుర్తొస్తుంది. దాంతోపాటే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన వీరభద్రరావు గారు గుర్తొస్తారు.

పేరు వీరభద్రరావు. ఊళ్ళో అందరూ పిలిచేది పిరికి భద్రయ్య అని. ఆ మాట ఆయన ముందే అనేవాళ్ళు, ఆయనా నవ్వేవారు. మామిడి తోటలు గుత్తకు తీసుకోవడం ఆయన వ్యాపారం. మా వైపు ఆ పద్ధతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి: చెట్టు మీద ఇంకా పూతే ఉండగా, కాయన్నది పుట్టకముందే, ఆ ఏటి పంటకు ధర కట్టి రైతుతో ఒప్పందం చేసుకుంటారు. ఆ తర్వాత మంచు కురిసినా, గాలివాన వచ్చినా, పురుగు పట్టినా గుత్తేదారుదే నష్టం. లోకంలో ఇంత భయస్థుడికి ఇంతకంటే పనికిరాని వ్యాపారం ఇంకొకటి ఉండదు. ఆ వ్యాపారమే ఆయన జీవితమంతా చేశారు. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను, మా నాన్నతో ఉన్న స్నేహం కొద్దీ, ఆఫీసు పనులు చూడమని పిలిచారు. నేను ఆయన్ని బాబాయ్ గారూ అనేదాన్ని.

చేరిన కొన్నాళ్ళకే జీపు తాళాలు నా చేతిలో పెట్టారు. "డ్రైవింగు నేర్చుకో కుమారీ. స్టీరింగు పట్టుకుంటే నాకు చేతులు వణుకుతాయి" అన్నారు. నాకూ వణుకుతాయన్నాను. "మరీ మంచిది. వణకనివాడి పక్కన కూర్చోవాలంటే నాకు ఇంకా భయం" అన్నారు. నేర్పడానికి ఒక మేస్త్రీని పెట్టారు గానీ, అసలు పాఠం ఆయన వెంట తోటలకు తిరగడంలోనే అయింది. ఆయనది ఒకటే షరతు. భయమేస్తే పైకి చెప్పాలి. చెప్పకుండా నడిపితే దిగిపోతానన్నారు, ఒకసారి నిజంగానే దిగిపోయి బాపులపాడు దాకా ఎండలో నడుచుకుంటూ వెళ్ళారు. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. "బాబాయ్ గారూ, ఆ గట్టు మీద వెళ్ళాలంటే భయంగా ఉందండీ." ఆయన వెంటనే అడిగేవారు: "చూసిన భయమా, విన్న భయమా?" అక్కడ మొన్న ట్రాక్టరు బోల్తాపడిందన్నారంటే, అది విన్న భయం. దిగి గట్టు అంచు దాకా వెళ్ళి, కాలితో మట్టి తొక్కి చూసేవాళ్ళం. గట్టిగా ఉంటే వెళ్ళేవాళ్ళం, మెత్తగా ఉంటే చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం. పొలాల్లో కూలీలు మమ్మల్ని చూసి పడీపడీ నవ్వేవాళ్ళు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఆయనకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఒక ఏడు పూత విరగబూసింది. చింతలపూడి వైపు మేం తీసుకున్న తోట కాపలా మనిషి సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చాడు. "అయ్యగారూ, తేనెమంచు వచ్చేసిందంటండీ! పక్క తోటలాళ్ళందరూ డబుల్ డోసు మందు కొట్టేస్తున్నారు. మనమూ కొట్టేద్దావండీ" అన్నాడు. తేనెమంచు అంటే పూత రసం పీల్చేసే చిన్న పురుగు, అది పట్టిన తోటలో ఆకులన్నీ జిగురుజిగురుగా అయిపోతాయి. "నువ్వు చూశావా, విన్నావా?" అన్నారు భద్రయ్య గారు. విన్నానన్నాడు. వెంటనే జీపెక్కాం. తోటలోకి వెళ్ళాక ఆయన ఒక్కో చెట్టు కిందకీ దూరి, ఆకుల్ని వేళ్ళతో నలిపి, పూత గుత్తిలో చెవి పెట్టి విన్నారు. ఆ పురుగు ఉంటే ఆకు మీంచి ఆకు మీదకి దూకుతూ చిటపటమని చప్పుడు చేస్తుందట. నుదుటి మీద చెమట కారుతోంది. చివరికి లేచి, "జిగురు లేదు, చప్పుడు లేదు. విచ్చుకున్న పువ్వు మీద మందు పడితే తేనెటీగ రాదురా. అది రాకపోతే పిందె ఎక్కడిది? కొట్టొద్దు" అన్నారు. తిరిగొస్తుంటే జీపులో ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "భయంతో చచ్చిపోతున్నా కుమారీ" అన్నారు. ఆ ఏడు మందు కొట్టిన తోటల్లో పూత మాడి రాలింది. మాది నిలబడింది.

ఇక్కడితో ఆపేస్తే ఆయన ఏదో మహిమ గలవాడిలా కనిపిస్తారు. మరో ఏడు అలాగే చూసి, ఏమీ లేదని వద్దన్నారు. మేం చూసి వచ్చిన వారంలోపే పురుగు తోటంతా పాకేసింది. వెళ్ళేసరికి పూత గుత్తులు నల్లగా మసి పట్టి ఉన్నాయి. ఆయన చెట్టు కింద చతికిలపడ్డారు. నాకు కోపం వచ్చింది, అడిగేశాను. "ఇంకా చూసిన భయం, విన్న భయం అంటారా బాబాయ్ గారూ?" ఆయన నా వైపు తిరక్కుండానే అన్నారు. "అంటానమ్మా. ఒకసారి చూసి చాలనుకున్నా. మళ్ళీ చూడాల్సింది." ఆ జవాబు నాకు అప్పుడు నచ్చలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా పూర్తిగా నచ్చిందని చెప్పలేను, ఎందుకంటే అందులో ధైర్యమిచ్చే మాట ఒక్కటీ లేదు.

ఆఖరిసారి ఆయన్ని విజయవాడ ఆస్పత్రిలో చూశాను. గుండెకి ఆపరేషను చేయాలన్నారు. మంచం మీద ఆయన చాలా చిన్నగా కనిపించారు. ఏం మాట్లాడాలో తెలియక, "భయంగా ఉందా బాబాయ్ గారూ?" అన్నాను. "ఉందే మరి. కంప్యూటర్లో నా గుండె నాకే చూపించారు. రక్తం ఎక్కడ ఆగుతోందో వేలు పెట్టి చూపించారు. ఇది చూసిన భయమమ్మా, అందుకే సరేనన్నా" అన్నారు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆపరేషను బాగానే జరిగిందన్నారు గానీ ఆయన మళ్ళీ లేవలేదు. తెలిసి తీసుకున్న నిర్ణయం కూడా మనిషిని కాపాడకపోవచ్చన్న భయం ఆ రోజు నాలో చేరింది, ఇప్పటికీ పోలేదు.

అందుకే ఆ లారీ పక్కన కారు కుదిపాక నేను కొన్నాళ్ళు నిద్ర సరిగా పోలేదు. జంక్షన్‌లో మాకు తెలిసిన మెకానిక్ మస్తాన్ దగ్గరికి తీసుకెళ్ళాను. విషయం ఓపికగానే చెప్పాడు. టర్బో ఉన్న ఇంజనులోకి గాలి ఒత్తిడిగా వెళ్తుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ ఆరిపోతే కారు అలా కుదుపుతుంది. గాలిలో అగ్గిపుల్ల గీసినట్టేనన్నమాట. "ఇగ్నిషన్ మొత్తం అప్‌గ్రేడ్ చేసేద్దాం మేడమ్. ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్స్ పవర్ ఎక్కువుండేవి వస్తున్నాయి, నిప్పురవ్వ డబుల్ పడుద్ది" అన్నాడు. ఇంటికొచ్చి ఫోనులో వీడియోలు చూశాను. ఒకడు అప్‌గ్రేడ్ చేయించకపోతే ఇంజను పోతుందన్నాడు. ఇంకొకడు చేయిస్తే వైరింగు కాలుతుందన్నాడు. హైవే మీద ఆగిపోయిన కారుని వెనక నుంచి లారీ గుద్దిన వీడియో కూడా ఎవరో పెట్టారు. అది చూశాక ఫోను పక్కన పడేశాను. సింధుని కొన్నాళ్ళు బస్సులో పంపించాను. "ఏంటమ్మా, కారు ఇంట్లో పెట్టుకుని బస్సేంటి?" అని అది విసుక్కుంది. అసలు కారణం దానికి చెప్పలేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ ఆ రోడ్డు మీద లారీని దాటగలనా అన్నదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

చివరికి మస్తాన్ దగ్గరికే వెళ్ళి అప్‌గ్రేడ్‌కి సరేనన్నాను. అతను సంతోషంగా, "మంచి పని చేశారు మేడమ్. ఇంక మీకు భయం ఉండదు" అన్నాడు. ఆ మాటకి నేను ఆగిపోయాను. నేను కొంటున్నది కాయిల్స్ కాదని అప్పుడు తెలిసింది. పూత మీద డబుల్ డోసు కొట్టించబోతున్నానని తెలిసింది. కారు కుదపడం నేను చూశాను. ఎందుకు కుదిపిందో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు, నేను అడగనూ లేదు. "ముందు పాత ప్లగ్గులు తీసి నాకు చూపించండి" అన్నాను. అతను వింతగా చూసి, బానెట్ ఎత్తి ఉన్న మూడు ప్లగ్గులూ తీసి గుడ్డ మీద పెట్టాడు. రెండు బాగానే ఉన్నాయి. మూడో దాని తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత పగులు, దాని వెంబడి నల్లటి చార. అది చూసి మస్తానే, "ఇదుగోండి, నిప్పురవ్వ ఇక్కడ బయటికి పోతోంది" అన్నాడు. కాయిల్స్‌ని కూడా ఒకదాని చోట ఒకటి మార్చి చూడమన్నాను. వాటిలో తేడా ఏమీ లేదు. కారుతో కంపెనీవాళ్ళిచ్చిన రకం ప్లగ్గులే కొత్తవి వేయించి, కాయిల్స్ పాతవే ఉంచేశాను. ఒక్కసారి చూసి చాలనుకోలేదు, ఒంటరిగా ఆ రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగాను, మళ్ళీ తీసుకెళ్ళి ప్లగ్గులు విప్పించి చూశాను. మస్తాన్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూస్తే చూశాడు.

నిన్న సింధుని కారెక్కించుకున్నాను. ఊరు దాటాక కొబ్బరికాయల లారీ ఒకటి అడ్డొచ్చింది. ఎదర రోడ్డంతా ఖాళీ. అయినా నా కుడికాలు బిగుసుకుపోయింది. "సింధూ, నాకు భయంగా ఉందే" అన్నాను. అలాంటి మాట నా నోట అది ఎప్పుడూ విని ఉండదు, ఫోను పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "దేనికమ్మా?" అంది. ఆ రోజు బస్సుకి ఎంత దగ్గరగా వెళ్ళామో, ఎందుకు బస్సులో పంపానో, ప్లగ్గులో ఏం దొరికిందో అంతా చెప్పాను. అది మెడ సాచి లారీ పక్కనుంచి రోడ్డు చివరిదాకా చూసింది, వెనక అద్దంలో కూడా చూసింది. "నాకు ఏమీ కనిపించట్లేదమ్మా. నువ్వూ చూడు" అంది. చూశాను. తొక్కాను. కారు ఒక్క ఊపున ముందుకు వెళ్ళింది, లారీ వెనకబడిపోయింది. చాలా దూరం వెళ్ళాక కూడా నా చేతులు స్టీరింగు మీద వణుకుతూనే ఉన్నాయి. అది చూసి సింధు, "బాగైపోయిందిగా, ఇంకా ఏంటమ్మా?" అంది.

"బాగైంది కారేనే" అన్నాను. "నేను ఇలాగే ఉంటాను. నువ్వు పక్కనుండి చూస్తూ ఉండు."