ఎవరు నొక్కారు?

కంప్యూటర్ బాబాయ్‌కి పని రాదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆయన్ని ముంచిందల్లా నోరే. ఎక్కడికెళ్లినా సంచీ కింద పెట్టకముందే అడిగే మాట ఒకటే: "ఎవరు నొక్కారు?" నొక్కినవాడు ఎప్పుడూ యజమాని కొడుకో, మేనేజరో అయి ఉంటాడు. నిజం బయటపడుతుంది, వెనకే బాబాయ్ కూడా. అలా స్కూలు పోయింది, లాయరు ఆఫీసు పోయింది. నికరంగా మిగిలింది ఒక్క ప్రింటింగ్ ప్రెస్సు.

ఆ ప్రెస్సులో నాలుగు స్క్రీన్లూ నల్లబడ్డాయని పొద్దున్నే ఫోనొచ్చింది. భార్య గడప దాకా వచ్చి మరీ చెప్పింది: "ఎవరు నొక్కితే నీకెందుకయ్యా? బాగు చేసి నోరు మూసుకుని రా. ఇదీ పోతే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి."

వెళ్లేసరికి డిజైన్లు చేసే అమ్మాయి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బడి పుస్తకాల పని సగంలో ఆగింది. ఓనరు అల్లుడు టీ గ్లాసుతో గుమ్మానికి ఆనుకున్నాడు. బాబాయ్ మొదటిదాన్ని, తెర చెడినా ఎలాగోలా తెరుచుకునే సేఫ్ మోడ్‌లో తెరిచాడు. చూడగానే అర్థమైపోయింది. ముందురోజు సాయంత్రం ఎవరో పనిగట్టుకుని స్క్రీన్ మీద బొమ్మని నడిపే సాఫ్ట్‌వేర్, అదే గ్రాఫిక్స్ డ్రైవర్, కొత్తది నెట్‌లోంచి దింపి ఎక్కించారు. లోపలున్న గ్రాఫిక్స్ కార్డులేమో ముసలివి, కొత్తదానితో వాటికి పొత్తు కుదరలేదు. అమ్మాయి కళ్లు ఒక్కసారి అల్లుడి వైపు వెళ్లొచ్చాయి. అంతే చాలు.

నోటిదాకా వచ్చిన మాటని బాబాయ్ గుటక వేసి మింగాడు. కొత్తది పీకేసి, పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న పాతది ఎక్కించాడు. స్క్రీన్ వెలిగింది. తర్వాత రెండోదీ, మూడోదీ.

ఓనరు వచ్చాడు. "ఏమైందయ్యా?"

"పాత కార్డులండీ. కొత్త డ్రైవర్ పడలేదు."

"మరి ఆ కొత్తది ఎలా వచ్చింది?"

బాబాయ్ స్క్రీన్ వైపే చూస్తూ అన్నాడు: "దానంతటదే వచ్చుంటుందండీ. ఒక్కోసారి వస్తుంది."

పనిలో దిగాక ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

అల్లుడు టీ చప్పరించాడు. "వస్తుందని తెలిసినప్పుడు రాకుండా ఆపాల్సింది ఎవరు బాబాయ్? ఇవన్నీ చూసేది నువ్వే కదా?"

ఓనరు అల్లుణ్ణి మెచ్చుకోలుగా చూశాడు. "నిజమే కదయ్యా. పూటంతా పని చెడింది. ఇక నువ్వు రానక్కర్లేదులే, మావాడే చూసుకుంటాడు."

"అయ్యా, నొక్కింది మీ అల్లుడుగారే!"

"ఇందాక దానంతటదే వచ్చిందన్నావు?"

బాబాయ్ అమ్మాయి వంక చూశాడు. ఆమె కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తోంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది, ఆమెకూ ఉద్యోగం కావాలి. ఇన్నాళ్లూ నోరు విప్పి పోగొట్టుకున్నాడు సరే, మూసుకున్న ఒక్కరోజూ అదే గతి.

పెన్‌డ్రైవ్ జేబులో పడేసి సంచీ తగిలించుకున్నాడు.

"వెళ్తూ వెళ్తూ ఆ నాలుగోది కూడా చూసి పో," అన్నాడు ఓనరు.

"దాంట్లోనే నా పనంతా ఉంది బాబాయ్," అంది అమ్మాయి తలెత్తకుండానే.

బాబాయ్ జేబులోంచి పెన్‌డ్రైవ్ మళ్లీ తీశాడు. తర్వాత, సంచీ భుజాన ఉండగానే, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎలా చేస్తాడో చూసి నేర్చుకోడానికి అల్లుడు వెనకే వచ్చి నిలబడ్డాడు.