కుక్క కాలికి పనసపండు పాట

పలాసలో మా వదినా నేనూ నడిపిన చోటుకి మేము పేరేమీ పెట్టలేదు. ఊరివాళ్లు మాత్రం పెట్టారు, కుక్కల సత్రం అని. జీడిపిక్కలు కాల్చడం మానేసిన మా పాత షెడ్డులో దిక్కులేని కుక్కలు, కొన్ని పిల్లులు, ఎవరో వదిలేసిన ఒక ముసలి గాడిద ఉండేవి. వదిన అంటే మా అన్నయ్య భార్య. ఆవిడ వాటికి వండిపెట్టేది, నేను వాటి తరఫున లోకంతో దెబ్బలాడేదాన్ని. ఆవిడకు కోపమే రాదు, నాకు అది ముక్కు మీదే ఉంటుంది కాబట్టి పనుల పంపకం బాగానే కుదిరింది.

తొంభైల చివర్లో ఒక వేసవిలో కోటబొమ్మాళి దగ్గర హైవే మీద లారీ గుద్దిన నల్ల కుక్కను ఆటోలో వేసుకొచ్చాం. వెనక కాలి ఎముక ముక్కలైపోయింది. టెక్కలిలో పశువుల డాక్టరు చూసి, లోపల రాడ్ వెయ్యాలి, ఇక్కడ అయ్యే పని కాదు, విశాఖపట్నం తీసుకెళ్లండి, ఖర్చు మాత్రం బాగా అవుతుంది అన్నాడు. ఆలస్యం చేస్తే చీము పట్టి ప్రాణానికే ముప్పన్నాడు. ఆయన చెబుతున్నంతసేపూ ఆ పిచ్చిది ఆయన చెయ్యి నాకుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

మర్నాటి నుంచి కాశీబుగ్గ బజారంతా తిరిగాం. మా వైపు జనం ఎవరినీ ఒట్టి చేతులతో పంపరు. ఒకాయన బద్ద జీడిపప్పు పొట్లం ఇచ్చాడు. ఒకావిడ కొబ్బరికాయలు ఇచ్చింది. ఇంకొకరు, పడుకోబెట్టడానికి పనికొస్తాయని పాత గోనెసంచులు ఇచ్చారు. డబ్బు మాత్రం రాలేదు. సలహాలంటారా, బస్తాలకెత్తొచ్చు.

"కుక్క కాలికి ఆపరేసనేటి సెల్లీ, మూడు కాళ్లతో గెంతదేటి?" అన్నాడొక బట్టల కొట్టాయన.

"నీ కొట్టుకి మూడు గోడలుంటే సాలదేటి అన్నయ్యా?" అన్నాను నేను. వదిన నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఆ వారంలోనే కవిటి పక్కన వదిన పుట్టింట్లో పెళ్లి, వాళ్ల అన్నయ్య కూతురిది. కుక్కను పక్కింటావిడకు అప్పగించి వెళ్లామేగానీ నా మనసంతా షెడ్డులోనే ఉంది. పెళ్లైన మర్నాడు మధ్యాహ్నం భోజనాలు ముగించి, రెండు వైపులవాళ్లూ కొబ్బరిచెట్ల నీడన కుర్చీలేసుకుని ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. వంటపాక పక్కన ఒక పనసపండు మిగిలిపోయి ఉంది. పెళ్లికొడుకు తమ్ముడంత ఉంది. దాన్ని చూడగానే నాకు ఉపాయం తట్టింది.

మా ఉద్దానం ప్రాంతంలో చందా అడిగితే జేబు తడుముకుంటారు. అదే వేలంపాట పెడితే పౌరుషం లేస్తుంది. రామాలయం లడ్డూ అయినా, గుమ్మడికాయ అయినా, వేలంపాటలో వెనక్కి తగ్గినవాణ్ణి ఏడాది పొడుగునా ఏడిపిస్తారు. ఇక్కడ చూస్తే కొత్త వియ్యాలవారు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది?

ఆ ఊళ్లో రామాలయం పాటలు నడిపించే పెద్దాయన్ని బతిమాలి లేపాను. కుక్క సంగతంతా చెప్పి, అదే అందరికీ చెప్పమన్నాను. ఆయన సరేనని తలూపాడు. కండువా దులిపి భుజాన వేసుకుని, ఇన్నేళ్లుగా నోటికి అలవాటైన మాటే అందుకున్నాడు.

"సీతారాముల పాదాల కాడ పాట! పాడుకున్నోలకి పున్నెం!"

నేను పక్క నుంచి "కుక్క కాలికి, కుక్క కాలికి" అని అరుస్తూనే ఉన్నాను. పెళ్లి బ్యాండువాళ్లు వాయింపు ఆపితేగా, నా అరుపు ఎవరికైనా వినబడడానికి!

మా వైపు పెళ్లికూతురి తండ్రి లేచాడు. అటు పెళ్లికొడుకు పెదనాన్న లేచాడు, కొబ్బరితోటలున్న పెద్ద రైతు.

"పెల్లి కర్సు నెత్తి మీదుండగా నీకెందుకు బావా, కూకో" అన్నాడాయన.

"మా పెరట్లో పండు మీ ఊరెలగెల్తాదో నానూ సూత్తాను బావా" అన్నాడు ఈయన.

ఒక పాటకి అటు ఈలలు, ఇంకో పాటకి ఇటు చప్పట్లు. ఈయన నోరు తెరిచినప్పుడల్లా పెళ్లికూతురి తల్లి వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతోంది. చివరికి గుండీలు తెగి ఆయన కూలబడ్డాడు. పండు పెదనాన్నకు ఖాయమైంది. ఆపరేషనుకి సరిపడా డబ్బు వచ్చినట్టే. నా వయసు మరిచిపోయి ఎగిరి గంతేశాను.

ఆయన నోట్లు నా చేతిలో పెడుతూ, "రాములోరి గుడికి రంగులెయ్యించండమ్మా" అన్నాడు.

నేను తేరుకునేలోపు వదినే ముందుకొచ్చింది.

"గుడికి కాదు బావగారూ, కుక్క కాలికి" అని, ఉన్నదున్నట్టు నెమ్మదిగా చెప్పేసింది.

"మనుసులే కిడ్నీలు పోయి సచ్చిపోతంటే కుక్క కాలికి ఇన్ని డబ్బులేటి?" అన్నారు వెనక నుంచి ఎవరో. ఆ మాటతో అందరూ పెదనాన్న వైపు చూసి తలలు దించుకున్నారు. ఏడాది కిందట ఆయన భార్య ఆ జబ్బుతోనే పోయిందట. పక్కావిడ నా చెవిలో చెప్పింది. నోట్లు తిరిగిచ్చేద్దామని చెయ్యి చాపాను.

ఆయన తీసుకోలేదు. "ఏ కాలమ్మా?" అని అడిగాడు.

"ఎనక ఎడం కాలు బాబూ" అన్నాను.

"విసాపట్నంలో బాగు సేత్తారేటి?"

"సేత్తారంతన్నారు."

"అయితే బేగి ఎల్లండి. రంగులు మల్లీ ఏడు ఏసుకోవచ్చు" అన్నాడు.

జీడిపప్పు డబ్బాలు తీసుకెళ్లే వ్యానులో మేమూ కుక్కా విశాఖపట్నం వెళ్లాం. రాడ్ వేశారు. కొన్నాళ్లు అక్కడే ఉంచి, అది నాలుగో కాలు నేల మీద మోపిన రోజున ఇంటికి తెచ్చుకున్నాం. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదని, నేనే పెంచుకోవాలని లోలోపల గట్టిగా అనుకున్నాను.

వారం తిరక్కుండానే షెడ్డు ముందు సన్నాయి వినిపించింది. బయటికొచ్చి చూస్తే పెదనాన్న, వెనక మేళంవాళ్లు, ఆయన చేతిలో బంతిపూల దండ. పాటలో గెలిచినదాన్ని మేళంతో ఇంటికి తీసుకెళ్లడం మా వైపు ఆనవాయితీ. షెడ్డులో కుక్కలన్నీ సన్నాయికి గొంతు కలిపాయి. గాడిద కూడా ఊరుకోలేదు.

"పనసపండు ఆ రోజే తినీసినారు కదా బాబూ" అన్నాను కొంచెం పెడసరంగానే.

"పండు అందరం తినీసినాం. నాను పాడుకున్నది దీన్ని" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. దాన్ని గొలుసుతో కట్టేస్తారా, ఏం పెడతారు, ఎక్కడ పడుకోబెడతారు అని పోలీసులా నిలదీశాను. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి ఆయన గచ్చు మీద చతికిలబడ్డాడు. కుక్క లేచి, కాస్త కుంటుతూ వెళ్లి, దండ వాసన చూసి నాలుగు పూలు నమిలింది. తర్వాత ఆయన మోకాలి మీద తల పెట్టుకుంది. ఆయన దాని వెనక కాలిని వేళ్లతో మెల్లగా తడిమాడు.

"మా ఇంటిదాన్నీ విసాపట్నమే తీసుకెల్లినానమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "దాన్ని తిరిగి తెచ్చుకోలేకపోనాను. ఇది తిరిగొచ్చింది సూడు."

నేను తాడు తెచ్చి ఆయన చేతికిచ్చాను. మేళం మళ్లీ మొదలైంది. వదినా నేనూ ఏడుస్తూ, నవ్వుతూ హైవే దాకా వాళ్ల వెనకే నడిచాం.