ఫుట్‌స్క్రేలో వేపమండలు

కాత్యాయని ఆంటీ ముప్పయ్యేళ్ల వయసులో ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో మశూచి టీకాలు వేసేది. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టిన ఇంటికి ఊరంతా దూరంగా ఉంటే, ఈవిడ ఆ మండలు చూసుకునే లోపలికి వెళ్లేది. మంచం కింద దాక్కున్నవాళ్లను జబ్బ పట్టి లాగి మరీ పొడిచేదట. ఒకసారి పేడనీళ్లు కూడా పోయించుకుంది. రిటైరయ్యాక, 1999లో, కూతురు తన్మయి దగ్గరికి మెల్‌బోర్న్ వచ్చింది.

అంతటి మనిషీ అల్లుడితో మాత్రం నేరుగా మాట్లాడదు. అతను ఎదురుగా కూర్చుని ఉండగానే "కాఫీ తాగుతాడేమో అడగవే" అని కూతురితో అంటుంది. చూసి నాకు ఒళ్లు మండేది.

అల్లుడు ఉపేంద్ర, ఇర్ఫాన్, నేను ఒకే ఆఫీసు. మెల్‌బోర్న్‌లోనే ఫుట్‌స్క్రే అనే పేటలో పక్కపక్క బిల్డింగుల్లో ఫ్లాట్లు. రోజూ ఇర్ఫాన్ కారులోనే వెళ్లేవాళ్లం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పు చదువుతాయని లోకమంతా బెంగపడుతున్న రోజులవి. డిసెంబరు ముప్పై ఒకటి దాకా పనిలో ఉన్నవాళ్లకే కాంట్రాక్టు పొడిగిస్తామన్నాడు మేనేజరు. నాకప్పుడు ఐదో నెల. చిన్నప్పుడు ఆటలమ్మ పోయలేదు కాబట్టి ఆ జబ్బున్నవాళ్ల దగ్గరికి వెళ్లొద్దని, బిడ్డకు ప్రమాదమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

క్రిస్మస్ సెలవుల ఆఖరి రోజున ఉపేంద్ర ఛాతీ మీద పొక్కులు లేచాయి. ఆంటీ దూరం నుంచే చూసి ఆటలమ్మ అని తేల్చేసింది. అతను పొడుగు చేతుల చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

"దుర్గ కడుపుతో ఉంది, ఆ కారెక్కొద్దని చెప్పవే," అంది ఆంటీ.

"చెప్పానమ్మా. త్రీ డేసేగా, ఫ్రంట్ సీట్లో కూచుంటానంటున్నాడు. జాబ్ పోతే వీసా కూడా పోద్దంట," అంది తన్మయి.

ఈ మాటలు నాకు తర్వాత తెలిశాయి. మర్నాడు ఏడింటికి ఇర్ఫాన్ అతన్ని పిలవడానికి మెట్లెక్కి, బెల్లు కొట్టకుండానే దిగొచ్చాడు. ఇర్ఫాన్‌ది గుంటూరు.

"దుర్గక్కా, గుమ్మానికి వేపమండలు కట్టున్నయ్. మనం పోదాం," అన్నాడు.

మెల్‌బోర్న్‌లో వేపచెట్టెక్కడిది నా మొహం! ఆంటీ పొద్దున్నే పార్కుకెళ్లి పెప్పర్ ట్రీ కొమ్మలు విరుచుకొచ్చింది. చూడ్డానికి అచ్చం వేపాకే. ఎదురు ఫ్లాట్ దొరసాని క్రిస్మస్ అలంకారమనుకుని మెచ్చుకుందట.

కారు వెళ్లిపోయాక ఉపేంద్ర తలుపు తీసి కొమ్మలు చూశాడు. అత్తగారిని చూశాడు. ఆవిడ కూతురివైపు తిరిగి, "డాక్టరుకు ఫోన్ చెయ్యి," అంది.

సాయంత్రానికి ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో విడిగదిలో పెట్టారు. ఆంటీ రోజూ అద్దం బయట కుర్చీలో కూర్చునేది. అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. కొత్త సంవత్సరం వచ్చింది, మా ఆఫీసులో ఒక్క కంప్యూటరూ చెడలేదు. అతని కాంట్రాక్టు మాత్రం పోయింది. వీసా గడువు ఇంకో నాలుగు రోజులుందనగా వేరే ఉద్యోగం దొరికింది. ఈలోపు అతనూ అత్తగారితో మాట మానేశాడు. నా బిడ్డ కోసం అతని బతుకు అల్లాడిపోయిందని నాకు ఆ ఇంటి మెట్లెక్కాలంటేనే సిగ్గేసేది.

ఏప్రిల్ ఆఖర్న పాప పుట్టింది. తన్మయి డ్యూటీలో ఉండటంతో ఆంటీని ఉపేంద్రే కారులో ఆసుపత్రికి, నా గదికి తీసుకొచ్చాడు. ఆవిడ పాపను ఒళ్లోకి తీసుకుంది. అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అత్తయ్యా, నేను లోపలికి రావచ్చా?" అన్నాడు.

ఆవిడ అలవాటుగా కూతురి కోసం పక్కకు చూసింది. అక్కడెవరూ లేరు. అతని మొహం మీది మచ్చలను కాసేపు పరీక్షగా చూసింది.

"రండి బాబూ," అంది. "చేతులు కడుక్కుని ఎత్తుకోండి."