పిన్ని మేడ మీంచి విసిరిన పెట్టె

మా పిన్ని సబ్బు బుడగని పొట్లం కట్టి పోస్టులో వేస్తే, అవతలివాళ్లు విప్పేసరికి అది ఇంకా తేలుతూనే ఉంటుంది. నమ్మకపోతే మానెయ్యండి. డిగ్రీ మధ్యలో వదిలేసినవాణ్ణి, అబద్ధమాడేంత చదువు నాకు లేదు.

బాబాయి బొమ్మలు గీస్తాడు. కొన్నవాళ్లకి పిన్ని కట్టి పంపిస్తుంది. బొమ్మకి టేపు తగలనివ్వదు. కాగితంతో చిన్న జేబులు చేసి, మూలలు వాటిలో దూర్చి, ఆ జేబుల్ని అట్టకి అంటిస్తుంది. పైన బటర్ పేపరు, ఇంకో అట్ట, వానకి ప్లాస్టిక్ కవరు, ఆ తర్వాత పెట్టె. విప్పేవాళ్లు కత్తి పెట్టకుండా టేపు కొస మడిచి వదులుతుంది. ఆఖర్న పెట్టెని నేలమీద పడేస్తుంది. విప్పి, చూసుకుని, మళ్లీ కడుతుంది.

"పోస్టులో ఎలాగూ పడేస్తారు. ముందు నా కళ్లముందే పడనీ" అంటుంది.

నిరుడు బాబాయికి చూపు పోయింది. చివరగా గీసింది దండెం మీద తడి చొక్కా. నీలం అనుకుని వేశాడు, పచ్చగా వచ్చింది. పిన్ని ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఎక్కడో దూరాన ఒకావిడ దాన్ని కొనుక్కుంది. దారిలో దెబ్బతింటే మళ్లీ గీసివ్వడం బాబాయి వల్ల కాదు.

ఆ రోజు పిన్ని బట్టలు మడతపెడుతున్నట్టే కట్టింది. మొహంలో ఏమీ లేదు.

"అయిందా?" అన్నాడు బాబాయి కుర్చీలోంచి.

"అయింది."

"అయితే పడెయ్యి."

"దీన్నెందుకండీ?"

"అన్నీ పడేసి దీన్నొక్కదాన్నీ దాచుకుంటావా? చూడలేను, చప్పుడైనా విననీ."

"నాకివ్వు పిన్నీ, నేను పడేస్తా" అన్నాను.

"నీ చేతికిచ్చిన పని ఏది పూర్తయిందిరా" అంది.

పెట్టెతో లోపలికి వెళ్లింది. అక్కణ్ణించి మేడెక్కి, కిందున్న రాతి గచ్చు మీదకి విసిరింది. వీధి చివర కుక్కలు లేచి నిలబడ్డాయి. లోపలికి తీసుకెళ్లి చూసొచ్చి, "బాగానే ఉంది" అంది. బాబాయి తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

పోస్టాఫీసు నుంచి వచ్చి పిన్ని కత్తెర, టేపు సొరుగులో పెట్టింది. బల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది.

కొన్నావిడ ఫోన్ చేసి పచ్చ చొక్కా చాలా బాగుందంది. పిన్ని ఫోన్ పెట్టేసి బాబాయితో, "గీత కూడా పడలేదట" అంది. అంతవరకే చెప్పింది.

ఇదంతా రాసి, ముందు పిన్నికి చదివి వినిపించాను. దిండు గలీబు తొడుగుతూ విని, ఇలా అంది:

"మేడా లేదు, కుక్కలూ లేవు. నడుం ఎత్తు నుంచి గదిలోనే పడేశాను. ఆ పడేసిన పెట్టెలో ఉన్నవి నువ్వు వదిలేసిన కాలేజీ పుస్తకాలు. మీ బాబాయికి చదివేటప్పుడు ఆ సంగతీ, చొక్కా రంగూ దాటెయ్యి."